పేలని తూటాకు అరగంట

మా బావ పోయి పదకొండు నెలలైంది. బావ అంటే మా అక్క భర్త. అడవి పంది చీల్చిన గాయం వల్ల, రక్తం పోయి చనిపోయాడని దవాఖాన కాగితంలో ఉంది. అది నిజం. అక్కకు నేను చెప్పింది నిజం కాదు. అక్కడికక్కడే ప్రాణం పోయిందని, బాధ పడలేదని చెప్పాను. ఆమె ఆ మాట విని నా ముఖం వైపు కాసేపు చూసి లోపలికి వెళ్లింది. నెలల తరబడి మళ్లీ అడగలేదు. ఏదో ఒక రోజు అడుగుతుందని మాత్రం నాకు తెలుసు.

దశదినకర్మ రోజున ఊరివాళ్లు ఫ్లెక్సీ కట్టారు. బావ ఫోటో పక్కన నేలతల్లి ఒడిలో ఒరిగిన రైతుబిడ్డ అని రాయించారు. బావ ఏ ఒడిలోనూ ఒరగలేదు. వాగు పక్కన గట్టుకు ఆనుకొని కూర్చుని, తొడకు తువ్వాల కట్టుకొని, మేము రెండు వందల అడుగుల దూరంలో ఉండగా చనిపోయాడు. మేము రాకపోవడానికి కారణం ఒక నియమం. ఆ నియమం పెట్టింది మా అన్న. వాచీ చూసింది నేను.

మొదటి నుంచీ చెప్తాను.

మా అన్న బొగ్గుబాయిలో షాట్ ఫైరర్‌గా చేశాడు. బొగ్గు గోడకు రంధ్రాలు కొట్టి, వాటిలో మందు కూరి పేల్చే పని. ఎన్ని రంధ్రాలు నింపాడో అన్ని శబ్దాలూ లెక్కపెట్టుకోవాలి. ఒక్కటి తగ్గినా, ఎక్కడో ఒక రంధ్రం పేలకుండా ఉందని అర్థం. అప్పుడు ఎవరూ ఆ వైపు పోకూడదు. అన్న పనిలో చేరిన కొత్తలో ఒకాయన తొందరపడి అటు వెళ్లాడు, అప్పుడు పేలింది. ఆయన్ని మోసుకొచ్చిన వాళ్లలో అన్న ఒకడు. ఆ రోజు నుంచి అన్న పేలని రంధ్రానికి అరగంట ఆగేవాడు. తరువాత కరెంటు తీగలతో పేల్చే కాలం వచ్చింది, అంతసేపు ఆగనక్కరలేదని కొత్త నియమం వచ్చింది. అయినా ఆయన అరగంటే ఆగేవాడు. తోటివాళ్లు ఆయనకు అరగంట కాక అని పేరు పెట్టారు, కాక అంటే బాబాయి. దూరం నుంచి చూసి, "అగో, అరగంట వస్తున్నడు, గంట సేపు కూసోండ్రి" అని నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. రిటైరయ్యే వరకు ఆయన షిఫ్టులో పేలుడు వల్ల ఒక్క మనిషి చావలేదు. దాన్ని ఆయన ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాలేదు, అందరికీ తెలుసు.

నేను బాయి ఆఫీసులో గుమాస్తాను. చదవడం నాకు అలవాటు. ఇంగ్లీషు పుస్తకం ఏది దొరికినా వదలను. ఇంట్లో నా గౌరవమంతా దాని మీదే నిలబడింది.

మూడో మనిషి ఒక రిటైర్డ్ ఇంజినీరు. కోస్తా నుంచి కరెంటు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, జ్యోతినగర్ దగ్గర ఇల్లు కట్టుకొని ఉండిపోయాడు. పంటలు నాశనం చేసే అడవి పందులను చంపడానికి అనుమతి ఉన్న కొద్దిమంది వేటగాళ్లలో ఆయన ఒకడు. ఆయన తాతకు మూడు తుపాకులు ఉండేవి, అవే ఈయనకు వచ్చాయి. ఒకటి జోడు గొట్టాల పన్నెండు బోరు. మిగతా రెండూ పాతకాలపు ఇంగ్లీషు రైఫిళ్లు. ఒకటి మూడు వందల మాగ్నం, రెండోది మూడు వందల డెబ్బై ఐదు మాగ్నం. మాగ్నం అంటే మామూలు దానికన్నా ఎక్కువ మందు పట్టే పెద్ద తూటా. రెంటిలో రెండోది ఇంకా పెద్దది. దాని తూటా నా మధ్యవేలి కన్నా పొడుగు.

చట్టం మారి ఒక లైసెన్సు మీద రెండు తుపాకులే ఉండాలన్నారు. పన్నెండు బోరును ఇంటి కాపలాకు ఉంచుకోవాలని ఆయన భార్య పట్టుబట్టింది. కాబట్టి రెండు రైఫిళ్లలో ఒకటి పోవాలి. ఏ తూటాను ఉంచుకోవాలన్నది ఆయన జీవితంలో ఆ ఏడాది అతి పెద్ద విషయమైంది. మా జీవితాల్లో కూడా అయింది. అది మాకు సంబంధం లేని విషయమని ఇప్పుడు అనిపిస్తుంది.

మా బావకు గోదావరి అవతల, జైపూర్ వైపు నాలుగెకరాల మక్క చేను, అంటే మొక్కజొన్న చేను, ఉంది. బాయి పని మానేసి వచ్చిన దగ్గర నుంచి ఆయనకు అదే లోకం. గింజ పాలు పోసుకునే సమయానికి పందులు గుంపుగా వచ్చి పడేవి. తిన్నదాని కన్నా తొక్కింది ఎక్కువ. పంచాయతీలో అర్జీ పెట్టి, అనుమతి తెచ్చుకొని, ఇంజినీరు గారిని పిలవడానికి బావ వెళ్లాడు. ఊరు తెలిసిన వాడని అన్న తోడు వెళ్లాడు. ఇంగ్లీషు పుస్తకాలు అరువు తెచ్చుకుంటూ ఆయనకు ముందే పరిచయమైన వాడినని నేను వెళ్లాను.

ఆయన వరండాలో రెండు రైఫిళ్లు బల్ల మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. తూటాలు తయారుచేసుకునే పద్ధతి మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి, రెంటినీ పోల్చి చెప్పమని నాకు పదిహేను రోజుల ముందే పురమాయించాడు. నేను నోటుపుస్తకంలో గీతలు గీసి రాసుకొచ్చాను. గుండు బరువు, వేగం, భుజానికి తగిలే దెబ్బ, ఎంత దూరంలో ఎంత కిందికి దిగుతుంది. రాస్తూ రాస్తూ నాకు ఒక విషయం స్పష్టమైంది. పందికి మూడు వందలది సరిపోతుంది. సరిపోవడమే కాదు, దానికి డబ్బాల్లో ఫ్యాక్టరీ తూటాలు ముప్పై దాకా మిగిలి ఉన్నాయి, పాడవలేదు. పెద్దదానికి ఫ్యాక్టరీ తూటాలు అయిపోయాయి. ఖాళీ ఇత్తడి డొల్లలు మాత్రం ఉన్నాయి. వాటిని మళ్లీ నింపుకోవాలి. డొల్ల అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ ఉంటుంది, దాన్ని ప్రైమర్ అంటారు. ఆయన దగ్గర ఉన్న ప్రైమర్లు వాళ్ల నాన్నగారి కాలం నాటివి.

ఇంజినీరు గారి చెయ్యి పెద్ద రైఫిల్ మీదే ఉంది.

"దెబ్బ తిన్న పంది ఎంత ప్రమాదమో మీకు తెలీదండీ" అన్నాడు బావతో. "కొట్టామంటే అక్కడే కూలబడాలి."

అన్న తల ఊపాడు. సగం పేలిన రంధ్రం కన్నా చెడ్డది లేదని, ఒక్క దెబ్బకు పని అయిపోవాలని అన్నాడు. ఇద్దరూ తమ తమ జీవితాల నుంచి ఒకే మాటకు వచ్చారు. అదే తప్పని వాళ్లకు తట్టలేదు.

బావ నవ్వాడు. "సార్, నా మక్క తినేది పందే గద. ఏనుగు వస్తదని ఎవలన్న చెప్పిండ్రా?"

ఇంజినీరు గారు కూడా నవ్వాడు గానీ చెయ్యి తీయలేదు. నా వైపు తిరిగి, "మీరు చదివారుగా, మీరే తేల్చండి" అన్నాడు.

నోటుపుస్తకం నా ఒళ్లో ఉంది. చివరి పేజీలో అడుగున మూడు వందలు అని రాసి గీత కొట్టి ఉంది. ఆయన పెద్దమనిషి. అన్న అప్పటికే ఒక మాట చెప్పేశాడు. నేను, "రెండూ మంచివే సార్" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బావ స్కూటర్ వెనక కూర్చున్నాను. వంతెన మీద గాలికి ఆయన తల పక్కకు తిప్పి గట్టిగా అన్నాడు. "బామ్మర్దీ, గింత మోటు పుస్తకం సదివి రెండు మంచియే అన్నవ్. గా మాట నేను సదవకుంటనే చెప్పేటోన్ని."

నేను నవ్వాను. అది ఎగతాళి అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే, ఆ రోజు అక్కడున్న నలుగురిలో నిజం మాట్లాడింది ఆయనొక్కడే అని తెలుస్తుంది.

మూడు వందలది ఒక డీలరుకు వెళ్లిపోయింది, డబ్బాల్లోని మంచి తూటాలతో సహా. పెద్దది మిగిలింది. ఆదివారాలు ఇంజినీరు గారి ఇంటి వెనక గదిలో డొల్లలు నింపే పని సాగింది. దానికి కావలసిన అనుమతి తన దగ్గర ఉందని ఆయన అనేవాడు. నేను కాగితం అడగలేదు. నేను పుస్తకం చదివి తెలుగులో చెప్పేవాణ్ని, ఆయన చేసేవాడు, అన్న పక్కన కూర్చుని చూసేవాడు. అన్న మొహంలో చాలా ఏళ్ల తరువాత పని దొరికిన మనిషి సంతోషం కనబడేది. నాకు అది బాగుండేది. మూడు తూటాలు పరీక్షకు పేల్చారు. మూడూ పేలాయి.

పాత ప్రైమర్లను, చెమ్మ తగిలినవాటిని నమ్మకూడదని పుస్తకంలో ఉంది. చదివి చెప్పాను. "మూడు పేలినై గద. ఇగ ఫికర్ ఎందుకు?" అన్నాడు అన్న. బాయిలో అయితే అలాంటి మందు డబ్బాను డబ్బాగా వెనక్కి పంపేవాడు. నేల పైన, ఎండ పడే గదిలో, టీ తాగుతూ, ఆయనకు ఆ భయం లేదు.

అదే పేజీ కింద ఇంకో వాక్యం ఉంది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, గొట్టం మనిషి లేని వైపు ఉంచి ఒక నిమిషం ఆగాలి, తరువాత బోల్టు, అంటే తూటా ఎక్కించే గడియ, తెరిచి తూటా తీసేయాలి. అది కూడా చదివి చెప్పాను. అన్న, "నిమిషమేనా" అని నవ్వాడు. అంతే. అందరం విన్నాం. నేను దాని కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు చేనుకు చేరుకున్నాం. పందులు రాత్రంతా మేసి వాగు ఒడ్డున తుప్పల్లో పడుకుంటాయి. తుప్పల అవతలి నుంచి మనుషులు అరుస్తూ తరిమితే చేను గట్టు మీదికి వస్తాయి. ఇంజినీరు గారు గట్టు మలుపులో కూర్చున్నాడు. అన్న, నేను ఆయన వెనక. బావ వాగు వైపు చివర, ఒక్కడే. పంది అటు తిరిగితే రేకు డబ్బా కొట్టి ఇటు మళ్లించడం ఆయన పని. ఫోన్లు మోగితే పందులు చెదురుతాయని అన్నీ ట్రాక్టరు టూల్‌బాక్సులో పెట్టించారు, ట్రాక్టరు రోడ్డు మీద ఉంది. పన్నెండు బోరు తేలేదు. ఇది ఉండగా అదెందుకన్నారు. వాచీ ఉన్నది నా చేతికే.

ఒక పెద్ద మగపంది వచ్చింది. మొదటి తూటా పేలింది. ఆ శబ్దానికి నా చెవులు మూసుకుపోయాయి. పంది వెనక కాలు ఈడుస్తూ చేనులోకి దూరి, వాగు వైపు తిరిగింది. ఒక్క దెబ్బకు పడలేదు. ఇంజినీరు గారు బోల్టు లాగి రెండో తూటా ఎక్కించి గురి చూసి నొక్కాడు. టక్కుమంది. పేలలేదు.

అన్న ఆ క్షణంలో బాయిలోకి దిగిపోయాడు. వేరే రకంగా చెప్పలేను. గొంతు మారింది. "ఎవ్వలు కదలద్దు" అన్నాడు. రైఫిల్‌ను ఇంజినీరు గారి చేతుల్లోంచి మెల్లగా దింపించి, గొట్టం మనిషి లేని వైపు ఉండేట్టు మట్టి గట్టు మీద పెట్టించాడు. మమ్మల్ని వెనక్కి నడిపించి కాలువ కట్ట చాటున కూర్చోబెట్టాడు. మెడలోని ఎర్ర తువ్వాల తీసి బాటకు అడ్డంగా రెండు మక్క కర్రల మీద కట్టాడు. బాయిలో దారి మూసినట్టే. బావ ఉన్న చోటికి పోవాలంటే ఆ బాటే దారి, అది రైఫిల్ పక్కనుంచే పోతుంది. తుప్పల అవతల అరిచేవాళ్లను కూడా అక్కడే ఆగమని కేకేశాడు. వాళ్లు తూటా సంగతి తెలిసి బుద్ధిగా కూర్చున్నారు. వాళ్లలో సగం మంది బాయి మనుషులే.

ఇంజినీరు గారు నా వైపు చూశాడు. ఆ వాక్యం ఆయనకూ తెలుసు.

"అన్నా, పుస్తకంల నిమిషమనే ఉన్నది" అన్నాను.

"పుస్తకం బాయిల దిగలే" అన్నాడు అన్న. "అరగంట. నువ్వు వాచీ చూడు."

నేను వాచీ చూశాను.

నాలుగో నిమిషంలోనో ఐదో నిమిషంలోనో వాగు వైపు నుంచి ఒక అరుపు వినబడింది. పందిని తరిమే అరుపే అన్నాడు అన్న. కావచ్చని నేనూ అనుకున్నాను. రేకు డబ్బా శబ్దం రాలేదు. డబ్బా లేకుండా ఎందుకు తరుముతాడని నా మనసులో వచ్చింది. ఆ ఆలోచనను పైకి అనలేదు. తరువాత ఇంకోసారి, తక్కువగా, ఏదో వినబడినట్టయింది. చెవులు ఇంకా సరిగా పని చేయడం లేదని సర్దిచెప్పుకున్నాను. కరెంటు ప్లాంటు పొగగొట్టం అవతల సూర్యుడు పైకి వచ్చాడు. పన్నెండు నిమిషాలు. పందొమ్మిది. ఇరవై ఆరు. అన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ప్రశాంతంగా కూర్చున్నాడు. జీవితమంతా మనుషులను కాపాడిన భంగిమ అది.

ముప్పై నిమిషాలయ్యాక అన్న తానే వెళ్లి బోల్టు తెరిచాడు. తూటా అరచేతిలో పడింది. ప్రైమర్ మీద చిన్న సొట్ట తప్ప ఏమీ లేదు. అది ఎప్పటికీ పేలేది కాదు.

బావ ఇంకా వెచ్చగా ఉన్నాడు. పంది ఆయనకు పది గజాల అవతల చచ్చిపడి ఉంది. ట్రాక్టరు మీద వేసుకొని, రోడ్డు మీద కారు ఆపి, దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డాక్టరు చూసి, పావుగంట ముందు కట్టు సరిగా పడి ఉంటే అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. చేయనక్కర లేదు.

పోలీసులు రైఫిల్ పట్టుకుపోయారు. ఇంజినీరు గారి వేట అనుమతి రద్దయింది. ఆయన ఒకసారి అక్క దగ్గరికి వచ్చి ఏడ్చి వెళ్లాడు. పంచనామాలో, తరువాత వెతకగా వాగు పక్కన దొరికాడు, అని రాసుకున్నారు. ఎంతసేపటి తరువాత అని ఎవరూ అడగలేదు. అన్న ఒక్కసారే, అదీ నాతోనే, ఆ మాట ఎత్తాడు. "మల్ల గట్లనే అయితే మల్ల అరగంటనే ఆగుత" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. మాట మాత్రం మారలేదు. నాకు ఆయన మీద కోపం ఉంది. ఆయన తాను నమ్మింది చేశాడు. నేను నమ్మనిది చేశాను. అందుకే ఆ కోపాన్ని పైకి తేలేను.

పోయిన వారం అక్క నన్ను పిలిపించింది. ఏడాది మాసికం దగ్గర పడుతోంది, దాని పనులనుకొని వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. ఈసారి పంట వచ్చింది. నన్ను కూర్చోమని, లోపలికి వెళ్లి ఒక తువ్వాల తెచ్చి నా ముందు పెట్టింది. దవాఖానలో కత్తిరించి తీసిన బావ తువ్వాల. ఉతికింది, ముడి విప్పలేదు. కత్తెర ముడికి దూరంగా పడింది.

"ఇది చూడు" అంది. "రెండు ముళ్లున్నయి. ఒకటి ఏసిండు, ఆగలేదు. దాని మీదికెళ్లి ఇంకోటి గట్టిగ ఏసిండు. అక్కడికక్కడే పోయినోడు రెండు ముళ్లు ఎట్ల ఏస్తడు?"

రెండో ముడిని వేలితో తాకి చూశాను.

"నాకు అబద్ధమెందుకు చెప్పినవని అడుగుతలేను. ఎంతసేపు ఆగిండ్రు?"

"అరగంట."

"అన్న ఆపిండా?"

"ఆపిండు."

ఆమె తల ఊపింది. అన్న సంగతి ఆమెకు తెలుసు, ఆయన చెల్లెలు. నేను చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. పుస్తకంలో ఒక నిమిషం అని ఉందని, నేను దాని కింద గీత గీశానని చెప్పాను. మూడు వందల రైఫిల్ సంగతీ, ఆ రోజు రెండూ మంచివే అన్న సంగతీ చెప్పాను. ఆమెకు తూటాలు అర్థం కాలేదు. మిగతాది అర్థమైంది.

"నిమిషం చాలని నీకెరుక" అంది.

"ఎరుకే."

"నిమిషం అయినంక ఏం చేసినవ్?"

"చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

"వాచీ."

ఆమె ఇంకో కంకి తీసుకుంది. గింజలు చాటలో రాలాయి. ఆ కంకి పూర్తయ్యాక తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అన్నతోని నేను మాట్లాడుత. నువ్వు మాసికానికి రా, రాకుంటే నలుగురు అడుగుతరు. గని ఆ వాచీ పెట్టుకొని నా ఇంటికి రాకు."

అది అప్పుడు కూడా నా చేతికే ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. ఆమె చూడలేదు, కంకులు ఒలుస్తోంది.